తెలిసినవాళ్లు అయిపోయాక...

మొదటి పార్టీకి పద్నాలుగు మంది వచ్చారు. ఆడపడుచు, తోటికోడలు, పిన్నిగారు, పై ఫ్లోరు ఆవిడ, బాబు క్లాసులో పిల్లవాడి తల్లి... హాల్లో పరిచిన చాపలు చాలక డైనింగ్ టేబుల్ కుర్చీలు కూడా లాక్కోవాల్సి వచ్చింది. వేడివేడి పకోడీలు, టీ, కబుర్లు. మధ్యలో సరుకు చూపించడం. సాయంత్రానికి అమ్మకం 6,000 రూపాయలు దాటింది. ఆ రాత్రి లెక్క చూసుకున్న ఇల్లాలికి సంతోషంతో నిద్రపట్టలేదు.

రెండో పార్టీకి తొమ్మిది మంది. మూడోదానికి ఐదుగురు. నాలుగోదానికి ఫోన్లు చేస్తుంటే ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పారు. ‘‘అయ్యో, ఈ ఆదివారం మేం ఊళ్లో ఉండటంలేదు వదినా!’’ అందో ఆవిడ. అదే ఆదివారం సాయంత్రం అదే వదిన కూరగాయల బండి దగ్గర ఎదురుపడింది. ఇద్దరూ చూసీ చూడనట్టు తలలు తిప్పుకొని వెళ్లిపోయారు. వ్యాపారం ఆగిపోతే పోయింది, వదిన కూడా దూరమైంది. అదీ అసలు బాధ.

ఊరు ఏదైనా కావచ్చు. కూకట్‌పల్లి, విజయవాడ పటమట, విశాఖ ఎంవీపీ కాలనీ... అమ్మేది ప్లాస్టిక్ డబ్బాలు కావచ్చు, ముఖానికి రాసుకునే క్రీములు కావచ్చు, కాటన్ చీరలో వన్ గ్రామ్ గోల్డ్ నగలో కావచ్చు. ఇంట్లో పదిమందిని కూర్చోబెట్టి సరుకు చూపించి అమ్మే వ్యాపారంలోకి దిగిన ఆడవాళ్లలో చాలామందికి మూడు నెలలకో, ఆరు నెలలకో ఈ గోడ అడ్డం వస్తుంది. తెలిసినవాళ్లు అయిపోతారు. తెలియనివాళ్ల తలుపు తట్టాలంటే మొహమాటం. అక్కడితో చాలామంది మానేస్తారు. అటక మీద మిగిలిపోయిన సరుకు మాత్రం ఏడాదికోసారి బూజు దులిపినప్పుడల్లా కనిపిస్తూ ఉంటుంది.

ఈ గోడ దాటిన వాళ్లు లేకపోలేదు. దాటిన దారి కూడా కొత్తదేం కాదు. డెబ్భై ఏళ్ల కిందటే అమెరికాలో ఓ ఒంటరి తల్లి చూపించింది.

ఎవరూ కొనని డబ్బా

ఎర్ల్ టప్పర్ అనే అమెరికన్ 1946లో పాలిథిన్‌తో తయారుచేసిన గిన్నెలను మార్కెట్‌లోకి తెచ్చాడు. రంగుల డబ్బా మూత ఎలా బిగుస్తుందో చూసి, అదే సూత్రాన్ని తిరగేసి గాలి చొరబడని మూత తయారుచేశాడు. అదే టప్పర్‌వేర్. తేలికగా ఉంటుంది, కింద పడితే పగలదు, లోపలి పదార్థం ఒలకదు. ఇన్ని గుణాలున్నా దుకాణాల్లో సరుకు కదల్లేదు. కారణం చిన్నదే. మూత మధ్యలో నొక్కి, అంచు కాస్త ఎత్తి, లోపలి గాలిని బయటికి వదిలితేనే అది గట్టిగా పడుతుంది. ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పే నాథుడు లేడు. అరలో పెట్టిన డబ్బా దానంతటది మాట్లాడదు కదా!

దానికి మాటలు నేర్పింది బ్రౌనీ వైజ్. జార్జియా రాష్ట్రంలో 1913లో పుట్టిందామె. భర్తతో విడాకులయ్యాయి. ఓ కొడుకు. డెట్రాయిట్‌లో ఓ కంపెనీలో సెక్రటరీగా పనిచేస్తూ, సంపాదన చాలక స్టాన్లీ హోమ్ ప్రొడక్ట్స్ వాళ్ల ఇంటి శుభ్రత సామాను అమ్మడం మొదలుపెట్టింది. ఇంట్లో పదిమంది ఆడవాళ్లను కూర్చోబెట్టి వస్తువు ఎలా వాడాలో చూపించి అమ్మడం ఆ కంపెనీ పద్ధతి. టప్పర్ డబ్బా చేతికి రాగానే, దీనికి సరైన చోటు దుకాణం కాదు, నలుగురు కూర్చునే హాలు అని ఆమెకు అర్థమైపోయింది. గిన్నె నిండా ద్రాక్షరసం పోసి, మూత బిగించి, గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి విసిరేసేదట. చూసేవాళ్ల గుండె ఒక్క క్షణం ఆగేది. గిన్నె కిందపడేది, చుక్క కూడా కారేది కాదు. ఇక వేరే ప్రచారం ఎందుకు?

దుకాణాలు అమ్మలేని సరుకును ఆమె గుట్టలుగా అమ్ముతోందని టప్పర్ గమనించాడు. 1951లో ఆమెను హోమ్ పార్టీల విభాగానికి వైస్ ప్రెసిడెంట్‌ను చేశాడు. సరుకును దుకాణాల నుంచి తీసేసి ఇళ్లలో మాత్రమే అమ్మడం మొదలుపెట్టారు. 1954లో బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్రంగా బ్రౌనీ వైజ్ ఫొటో వేసింది. ఆ పత్రిక ముఖచిత్రంపై ఓ మహిళ కనిపించడం అదే మొదలు. స్టాన్లీ సామాను అమ్మిన మరో మహిళ మేరీ కే యాష్ 1963లో 5,000 డాలర్ల పెట్టుబడితో సొంతంగా సౌందర్య సాధనాల కంపెనీ పెట్టి ప్రపంచమంతా విస్తరించింది. మన దేశంలోకి టప్పర్‌వేర్ 1996లో వచ్చింది. అప్పటి నుంచి కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో ‘పార్టీ ఉంది రండి’ అనే పిలుపు వినిపించడం మొదలైంది.

నిజానికి ఇంటికొచ్చి అమ్మడం మనకు కొత్తకాదు. శ్రావణ మాసం వస్తే గాజుల మలారం మోసుకుంటూ గాజులావిడ వచ్చేది. పాత బట్టలకు స్టీలు సామానిచ్చే ఆవిడ వచ్చేది. చీరల మూట దించి అరుగు మీద పరిచే వ్యాపారి వచ్చేవాడు. ఒక ఇంటి ముందు మూట విప్పితే నాలుగిళ్ల వాళ్లు చేరేవాళ్లు. తేడా అల్లా ఒకటే. వాళ్లు ఒకే బంధువుల ఇంటికి ప్రతివారం వెళ్లేవాళ్లు కాదు. ఇవాళ ఈ వీధి, రేపు ఆ వీధి, ఎల్లుండి పక్క ఊరు. కొత్త మనుషుల్ని వెతుక్కోవడమే వాళ్ల వ్యాపారం.

గొలుసు ఎక్కడ తెగుతుంది?

ఓ చిన్న లెక్క వేద్దాం. అదే ఊళ్లో ఉండి, పిలిస్తే మధ్యాహ్నం రెండు గంటలు వచ్చి కూర్చోగల పరిచయస్తులు ఓ ఇల్లాలికి 60 మంది ఉన్నారనుకోండి. నిజానికి అది పెద్ద సంఖ్యే. పార్టీకి 12 మంది చొప్పున పిలిస్తే ఐదు పార్టీలకు అయిపోతారు. నెలకు రెండు పార్టీలంటే రెండున్నర నెలలు. పోనీ కొన్నవాళ్లనే మళ్లీ పిలుద్దామా అంటే, వస్తువు మంచిదైతే ఏళ్ల తరబడి మన్నుతుంది, మళ్లీ కొనాల్సిన పనిలేదు. మంచిది కాకపోతే అసలు రారు. ఎటు చూసినా చిక్కే!

దీనికి విరుగుడు, పార్టీ మన ఇంట్లో కాకుండా మరొకరి ఇంట్లో పెట్టడం. ఇంటావిడ తనకు తెలిసినవాళ్లను పిలుస్తుంది. 12 మందిలో నలుగురు మనకూ తెలిసినవాళ్లు కావచ్చు, ఎనిమిది మంది కొత్తవాళ్లు. ఆ ఎనిమిదిలో ఒక్కరు ‘వచ్చే నెల మా ఇంట్లో పెట్టుకోండి’ అంటే గొలుసు సాగుతుంది. ఇద్దరంటే పెరుగుతుంది. ఒక్కరూ అనకపోతే అక్కడితో సరి. అందుకే అనుభవజ్ఞులు పార్టీ అయ్యాక ఎంత అమ్మామన్నదానితోపాటు, తర్వాతి పార్టీకి తారీఖు దొరికిందా అనీ చూసుకుంటారు. 8,000 రూపాయలు అమ్మి, తారీఖు లేకుండా తిరిగొచ్చిన రోజుకన్నా, 3,000 అమ్మి రెండు తారీఖులు రాసుకొచ్చిన రోజే మంచిరోజు.

అయితే ఇక్కడ ఓ కిటుకుంది. పార్టీ పెట్టడానికి ఒప్పుకున్నావిడ మన అక్క చెల్లెలో, అదే ఫ్లోరులో ఉండే ఆవిడో అయితే ఆమె పిలిచేవాళ్లు కూడా పాతవాళ్లే. ముఖాలు మారవు, ఇల్లు మాత్రమే మారుతుంది. కాబట్టి వేరే బృందంలో తిరిగే మనిషిని ఎంచుకోవాలి. బ్యాంకులో పనిచేసే ఆవిడ, స్కూలు టీచరు, వేరే జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, పొద్దున్నే పార్కులో నడకకు వచ్చే ఆవిడ... ఇలాంటివాళ్లలో ఒక్కరు తలుపు తీస్తే దాని వెనక మరో ముప్ఫై తలుపులుంటాయి.

ఇంకో జాగ్రత్త. పార్టీ తన ఇంట్లో పెట్టుకున్నావిడకు బహుమతి ఇవ్వడం ఆనవాయితీ. ఆ బహుమతి ఎన్ని రూపాయలు అన్నదానికన్నా, ఆవిడకు పనికొచ్చేదా కాదా అన్నది ముఖ్యం. టిఫిన్ల ఖర్చు ఆమె నెత్తిన పడకుండా చూసుకోవడం అంతకన్నా ముఖ్యం. పదిమందికి మర్యాదలు చేసి, గిన్నెలు కడుక్కుని, చివరికి చేతిచమురు వదిలించుకున్న మనిషి ఇంకొకరికి ‘నువ్వూ పెట్టుకో’ అని చెప్పదు.

క్యారెట్ చెప్పిన పాఠం

బొత్తిగా పరిచయం లేని వీధిలోకి వెళ్లాల్సి వస్తే? టప్పర్‌వేర్ మహిళలు అందుకో ఉపాయం కనిపెట్టారు. దాని పేరు ‘క్యారెట్ కాలింగ్’. తలుపు తట్టి ‘కొంటారా?’ అని అడిగేవాళ్లు కాదు. ‘ఈ డబ్బాలో కొన్ని క్యారెట్లు వేసి ఉంచండి. మీరు మామూలుగా పెట్టుకునే చోట కొన్ని పెట్టండి. ఏవి తాజాగా ఉంటాయో మీరే చూసి చెప్పండి’ అనేవాళ్లు. అంతే!

ఈ మాటలో ఎంత తెలివి ఉందో చూడండి. కొనమని అడిగితే ‘వద్దు’ అనడం తేలిక. చూసి చెప్పమంటే కాదనడం కష్టం. పైగా డబ్బా తిరిగి తీసుకోవడానికి మళ్లీ వెళ్లే అవకాశం దొరుకుతుంది. రెండోసారి తలుపు తీసేటప్పటికి కొత్త మనిషి కాస్తా తెలిసిన మనిషి అవుతుంది. అమ్మేపని కూడా ఆవిడ చేయక్కర్లేదు, వాడకుండా నిగనిగలాడే క్యారెటే చేస్తుంది.

మనకు క్యారెట్టే కానక్కర్లేదు. కరివేపాకు, కొత్తిమీర, పచ్చిమిరపకాయలు ఎన్నాళ్లు నిలవుంటాయన్నది తెలుగింటి ఆడవాళ్లకు నిత్య సమస్యే. ఒక కట్ట కొత్తిమీరను రెండు భాగాలు చేసి చూడమంటే చాలు. చీరలు అమ్మేవాళ్లు ‘రంగు పోదండీ’ అని వందసార్లు చెప్పేకన్నా చిన్న గుడ్డముక్క ఇచ్చి ఉతికి చూడమనొచ్చు. పచ్చళ్లయితే చిన్న పొట్లం, భోజనం వేళకు అందేటట్టు. క్రీములయితే మోచేతి దగ్గర కొద్దిగా రాసి ఒకరోజు ఆగి చూడమనాలి. దురద పుడితే వాడొద్దని ముందే చెప్పాలి. అలా చెప్పిన మనిషిని ఎదుటివాళ్లు నమ్ముతారు. అమ్మకం ఆ నమ్మకం వెనకే వస్తుంది.

కొత్త ముఖాలు ఎక్కడ?

కాలనీలో ఇల్లాలికి తెలియని మనుషులు ఎక్కడో లేరు. రోజూ ఆమె పక్క నుంచే వెళుతుంటారు. చూసే చూపు మార్చుకుంటే చాలు.

మొదటిది స్కూలు బస్సు ఆగే చోటు. పదిహేను నిమిషాల పాటు పది పన్నెండు మంది తల్లులు రోజూ నిలబడే స్థలమది. అక్కడ సంచి విప్పకూడదు. పరిచయం చేసుకోవాలి, అంతే. నెల తర్వాత ‘మీరేం చేస్తుంటారండీ?’ అని వాళ్లే అడుగుతారు.

రెండోది జాకెట్లు కుట్టే దుకాణం, ఫాల్స్ కుట్టే ఆవిడ, బ్యూటీ పార్లర్. వీధిలో ఎవరింట్లో పెళ్లి ఉందో, ఎవరు కొత్తగా దిగారో వీళ్లకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఊరికే సాయం చేయమంటే రెండుసార్లు చేస్తారు. వాళ్ల దగ్గరికి మన కొనుగోలుదారులను పంపితే ఎప్పుడూ చేస్తారు.

మూడోది ఇంకో ఇంటి వ్యాపారి. చీరలు అమ్మే ఆవిడకూ డబ్బాలు అమ్మే ఆవిడకూ పోటీలేదు. ఇద్దరి పరిచయస్తులూ వేరు. ఒకే మధ్యాహ్నం ఇద్దరూ కలిసి సరుకు పెడితే ఖర్చు సగమవుతుంది, వచ్చేవాళ్లు రెట్టింపవుతారు. ఎవరి లెక్క వాళ్లదే అని ముందే మాట్లాడుకోవాలి. లేకపోతే స్నేహం సాయంత్రానికి చెడుతుంది.

నాలుగోది అపార్ట్‌మెంట్. అసోసియేషన్ వాళ్ల అనుమతి తీసుకుని ఆదివారం పొద్దున సెల్లార్‌లోనో, కమ్యూనిటీ హాల్లోనో ఓ బల్ల వేసుకోవచ్చు. ఇంటింటి బెల్లు కొట్టేకన్నా ఇది గౌరవం. వాచ్‌మన్ కళ్లు కప్పి లోపలికి వెళ్తే ఆ ఒక్క భవనమే కాదు, పక్క భవనం కూడా పోయినట్టే. కబుర్లు అంత వేగంగా పాకుతాయి.

ఐదోది ఉద్యోగం చేసే ఆడవాళ్ల హాస్టళ్లు. అక్కడి అమ్మాయిలకు పెద్ద గిన్నెల సెట్లు అక్కర్లేదు. టిఫిన్ బాక్సు, నీళ్లసీసా, ఆఫీసుకు కట్టుకెళ్లే కాటన్ చీర కావాలి. సరుకు అందుకు తగ్గట్టు పట్టుకెళ్లాలి. వార్డెన్‌ను అడిగి, సాయంత్రం ఏడు తర్వాత వెళ్లాలి.

కాలం కూడా చూసుకోవాలి. నెల మొదటి వారంలో చేతిలో జీతం ఉంటుంది, ఇరవై తర్వాత ఉండదు. శ్రావణం, దసరా, సంక్రాంతి ముందు కొనే మనసుంటుంది. పదో తరగతి, ఇంటర్ పరీక్షల రోజుల్లో పిల్లలున్న ఇంటికి వెళ్తే విసుక్కుంటారు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పార్టీకి ఎవరూ రారు.

పేరంటం వేరు, పార్టీ వేరు

ఇక అసలు విషయం. ఇంటి పార్టీ ఎందుకు నడుస్తుంది? సరుకు బాగుండటం వల్లేనా? 1990లో జొనాథన్ ఫ్రెంజెన్, హ్యారీ డేవిస్ అనే అమెరికా పరిశోధకులు ఇదే ప్రశ్న వేసుకుని ఇంటి పార్టీల్లో కొనుగోళ్లను పరిశీలించారు. వస్తువు నచ్చడం కన్నా, పిలిచిన మనిషితో ఉన్న అనుబంధమే కొనుగోలుపై ఎక్కువ ప్రభావం చూపుతోందని తేల్చారు. అంటే చాలామంది డబ్బా కోసం కొనరు, ‘పిలిచింది కదా, ఉత్త చేతులతో ఏం వెళ్తాం’ అని కొంటారు.

ఇది అమ్మేవాళ్ల బలం. ప్రమాదమూ ఇదే. మొహమాటానికి కొన్న మనిషి ఒకసారి కొంటుంది. రెండోసారి తప్పించుకుంటుంది. మూడోసారి ఫోను ఎత్తదు. మొదట చెప్పుకున్న వదిన విషయంలో జరిగింది సరిగ్గా అదే. ఆమెకు కోపం డబ్బా మీద కాదు. ‘నన్ను మనిషిగా పిలవడంలేదు, బేరంగా పిలుస్తోంది’ అన్నదే ఆమె నొప్పి.

అందుకే కొన్ని గీతలు గీసుకోవాలి. వరలక్ష్మీ వ్రతానికి పసుపు కుంకుమకని పిలిచి, వాయనం చేతిలో పెట్టాక కేటలాగు తీయకూడదు. బొమ్మల కొలువు చూడటానికి వచ్చిన పిల్లల తల్లులకు ధరల పట్టిక చూపించకూడదు. పార్టీ అయితే పార్టీ అనే చెప్పి పిలవాలి. ‘వస్తువులు చూపిస్తాను. కొనాలని లేదు, చూసి వెళ్లండి’ అని ఫోనులోనే చెప్పేయాలి. అలా చెబితే వచ్చేవాళ్లు తగ్గుతారేమోనని భయం. తగ్గుతారు కూడా. కానీ వచ్చినవాళ్లు నిజంగా కావాలని వస్తారు. కొనకుండా వెళ్లినావిడను గుమ్మం దాకా సాగనంపి, కొన్నావిడతో మాట్లాడినట్టే మాట్లాడటం ఈ వ్యాపారంలో పెద్ద పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గితే కొననావిడే ఇంకో నలుగురిని తీసుకొస్తుంది.

వాట్సప్ గ్రూపులకూ ఇదే వర్తిస్తుంది. అడగకుండా చేర్చి రోజుకు ఇరవై ఫొటోలు పంపితే, ఒకే దెబ్బకు వందమందికి విసుగు తెప్పించినట్టు. అడిగి చేర్చుకున్న పాతికమంది అడక్కుండా చేర్చిన రెండొందల కన్నా మేలు.

లెక్క పుస్తకం, గుర్తింపు కార్డు

అమ్మకం 6,000 అయితే లాభం ఎంత? ఉదాహరణకు నూటికి 20 రూపాయలు మిగులుతాయనుకుంటే 1,200. అందులో ఇంటావిడ బహుమతికి 300, టిఫిన్లకు 200, ఆటోకు 150 తీసేస్తే చేతికి వచ్చేది 550. ఫోన్లు, పార్టీ, సరుకు అందించడం కలిపి ఆరు గంటలు పట్టిందనుకుంటే గంటకు 90 రూపాయల పైచిలుకు. ఈ లెక్క వేయకుండా ‘ఆరువేలు వచ్చాయి’ అని మురిసిపోతే ఆర్నెల్ల తర్వాత మిగిలేది అలసటే. ముందే ఎక్కువ సరుకు కొని పెట్టుకుంటే అదీ ఉండదు. ఆర్డరు తీసుకున్నాకే సరుకు తెప్పించుకోవడం క్షేమం.

డబ్బుల లెక్కతోపాటు మనుషుల లెక్క రాసుకోవడానికి ఓ నోటు పుస్తకం ఉండాలి. ఎవరు, ఎవరి ద్వారా పరిచయం, ఏం కొన్నారు, ఏం చూసి వద్దన్నారు, సరుకు ఎప్పుడు అందింది, వాడాక ఏమన్నారు. పది రోజుల తర్వాత ఒక్క ఫోను చేసి ‘మూత సరిగ్గా పడుతోందాండీ?’ అని అడిగితే చాలు. కొత్తది కొనమని ఆ ఫోనులో అడగొద్దు. పగిలితే, రంగు వెలిస్తే మాట దాటేయకుండా మార్చి ఇప్పించాలి. ఒక్క ఫిర్యాదును సరిదిద్దిన కబురు ఐదు పార్టీల ప్రచారంతో సమానం.

కంపెనీల సరుకు అమ్మేవాళ్లు చట్టం కూడా తెలుసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరు 28న వినియోగదారుల రక్షణ చట్టం కింద డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా అమ్మకానికి ఎవరింటికీ వెళ్లకూడదు. మొదట్లోనే తామెవరో, ఏ కంపెనీ సరుకో, ఎందుకొచ్చారో చెప్పాలి. మనుషులను చేర్పించినందుకు డబ్బులిచ్చే పిరమిడ్ పథకాలను ఈ నిబంధనలు నిషేధించాయి. గొలుసుకట్టు డబ్బు పథకాలపై 1978 నుంచే ఓ నిషేధ చట్టం ఉంది. కాబట్టి ఎవరైనా ‘సరుకు అమ్మక్కర్లేదు, ఇద్దరిని చేర్చు చాలు’ అంటే అది వ్యాపారం కాదని గుర్తించాలి. కొనేవాళ్లను వెతకడం వేరు, చేరేవాళ్లను వెతకడం వేరు. మొదటిదానిలో ఎదుటి మనిషికి ఓ వస్తువు మిగులుతుంది. రెండోదానిలో చాలాసార్లు అప్పు మిగులుతుంది.

సొంతది అనుకోదగ్గది

బ్రౌనీ వైజ్ కథ చివర కూడా తెలుసుకోవాలి. అంత ఎత్తుకెదిగిన ఆమెకూ టప్పర్‌కూ పొసగలేదు. 1958 జనవరిలో ఆమెను తీసేశారు. కంపెనీలో ఆమె పేరిట ఒక్క వాటా కూడా లేదు. దావా వేస్తే చివరకు దక్కింది దాదాపు 30,000 డాలర్లు. అదే ఏడాది టప్పర్ తన కంపెనీని 1.6 కోట్ల డాలర్లకు అమ్మేసుకున్నాడు. ఆమె తర్వాత సౌందర్య సాధనాల వ్యాపారం పెట్టినా పాత విజయం మళ్లీ రాలేదు. 1992లో కన్నుమూసింది. ఆమె పెంచిన ఆ కంపెనీ కూడా 2024 సెప్టెంబరులో దివాలా రక్షణ కోసం అమెరికా కోర్టుకెక్కింది.

కంపెనీ మనది కాదు. సరుకు మనది కాదు. ఇవాళ డబ్బాలు, రేపు మరేదో. మనదని చెప్పుకోగలిగింది ఆ నోటు పుస్తకంలోని పేర్లూ, ‘ఆవిడ చెబితే నిజమే’ అన్న మాటా. అవి ఉంటే సరుకు మారినా వీధి మారదు. అవి లేకపోతే ఎంత పెద్ద కంపెనీ పేరు వెనక ఉన్నా తలుపు తెరుచుకోదు.

అలా నిలదొక్కుకోవాలనుకునే ఇల్లాలు కొత్త తలుపులు తట్టడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. కూరగాయల బండి దగ్గర తల తిప్పుకున్న ఆ వదిన ఇంటికి ఓ సాయంత్రం వెళ్లాలి. సంచి లేకుండా, కేటలాగు లేకుండా, ఓ పావుగంట కూర్చుని టీ తాగి రావడానికి. ఆవిడ ఇక ఏమీ కొనకపోవచ్చు. ఫరవాలేదు. ఈసారి ఫోను మోగితే మాత్రం ఎత్తుతుంది.